ద్వారం వారి వయొలిన్ రికార్డుల్లో గరగర: సమాధానం

నమస్కారమండీ. విజయనగరంలో మీ తాతగారి పెట్టెలో దొరికిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుల్లో వయొలిన్ కంటే గరగరే ఎక్కువ వినిపిస్తోందని రాశారు. తప్పు రికార్డుది కాకపోవచ్చు, ముల్లుది. ఎల్పీ (తర్వాత వచ్చిన సన్నగాడి రికార్డుల) ముల్లు మొన చాలా సన్నం, సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 78 గాడికి 75 మైక్రాన్ల దాకా కావాలి. సన్నటి ముల్లు గాడి అడుగుకు జారి, అక్కడి దుమ్మునంతా గీరుకుంటూ పోతుంది. 78 రికార్డులకు విడిగా ముల్లు దొరుకుతుంది, ముందు అది మార్చండి.

స్పిరిట్‌తో తుడుస్తానన్నారు. దయచేసి వద్దు! ఇవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే పైపొర కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో, గాడి వెంట గుండ్రంగా, మధ్యనున్న కాగితం తడవకుండా తుడవండి. నేను ఒక రికార్డును ఇలా తుడిస్తే తెల్లగుడ్డ బూడిదరంగుకు తిరిగింది. ఆ తర్వాతే కమాను వెనక్కి మళ్లే చోటు నా చెవికి స్పష్టంగా అందింది.

తర్వాత రికార్డు ధ్వనిని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యతతో వేవ్ (WAV) ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. గరగర తీసే పని నకలు మీదే చేయండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు. నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల మీ ఊళ్లోనే ఉంది కదా, ఒక నకలు అక్కడికీ ఇవ్వండి.