ఫోను వెనక కూర్చున్న అమ్మాయి

ప్రశ్న: మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న గజపతి జిల్లా పర్లాకిమిడి. మా బాబు ఇక్కడే ఇంగ్లీషు మీడియం స్కూల్లో సీబీఎస్‌ఈ పదో తరగతి. ఈ 2021 జనవరిలో కరోనా వల్ల ఇంట్లోంచే ప్రీబోర్డు (బోర్డు పరీక్షకి ముందు స్కూలు పెట్టే పరీక్ష) రాశాడు. లెక్కల పేపరు రోజు నెట్ సరిగా లేక 24 పేజీల్లో 6 పేజీలే స్కూలుకి చేరాయి. వాటినే దిద్ది 80కి 19 వేశారు. ఇప్పుడు బోర్డు పరీక్ష రద్దయింది, ఈ మార్కులే లెక్కకొస్తాయంటున్నారు. మిగతా పేపర్లన్నిటిలో వాడికి తొంభై శాతం పైనే వచ్చాయి. మా పెద్దమ్మాయి ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలా అంటారు) రెండో ఏడు. పరీక్షప్పుడు ఫోను వెనక కూర్చుని వాడికి సాయం చేస్తుంది. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే కావడంతో దాని ఆన్‌లైన్ క్లాసులు మానిపించాం. వచ్చే ఏడు ఎలాగూ పెళ్లి చేసేస్తాం. స్కూలు మీద భువనేశ్వర్ బోర్డు ఆఫీసుకి ఫిర్యాదు ఎలా పెట్టాలి? నాకు ఫోన్లో తెలుగు కొట్టడం రాదు, ఈ ఉత్తరం అమ్మాయే టైపు చేసింది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీరడిగిన దానికి చెప్పేస్తాను. 2021 మే 1న బోర్డు ఇచ్చిన పద్ధతి ప్రకారం ఒక్కో సబ్జెక్టులో 20 మార్కులు ఇంటర్నల్. మిగతా 80లో యూనిట్ టెస్టులకు 10, అర్ధ సంవత్సర పరీక్షకు 30, ప్రీబోర్డుకు 40. వాటిని ఖరారు చేసేది ప్రిన్సిపాల్, ఏడుగురు టీచర్లు ఉన్న కమిటీ. అందులో ఇద్దరు బయటి స్కూళ్ల వాళ్లు. గత మూడేళ్లలో స్కూలుకి బాగా ఫలితాలొచ్చిన ఏడాదిని తీసుకుని, సబ్జెక్టు సగటు దానికి 2 మార్కులు అటూ ఇటూలో ఉండాలన్నారు. కాబట్టి ఇంట్లో కూర్చుని అందరూ తెచ్చుకున్న తొంభైలు ఎలాగూ కొంత తగ్గుతాయి. అది మీ బాబు మీద కక్ష కాదు. ఒకటికి మించి ప్రీబోర్డులు పెట్టిన స్కూలు వాటిలో మంచిదాన్ని గానీ సగటుని గానీ తీసుకోవచ్చు. మీ స్కూలు ఇంకొకటి పెట్టిందేమో కనుక్కోండి. మీరు వెళ్లాల్సింది ప్రిన్సిపాల్ దగ్గరికి. భువనేశ్వర్ దాకా అక్కర్లేదు.

చేరని 18 పేజీలు కూడా దిద్దమని అడగాలా? అడగమని నేను చెప్పలేను. ఆ పేజీలు ఎవరు చేసిన లెక్కలో మీకు తెలుసు, నాకూ తెలుసు. పరీక్ష రాయలేకపోయిన పిల్లల్ని ఒక్కొక్కరిగా ఫోన్లోనైనా ప్రశ్నలడిగి, దాన్ని నమోదు చేసి మార్కులు వేసే వీలు బోర్డు ఇచ్చింది. పేపరు పూర్తిగా చేరని మీ బాబునీ అలా పరీక్షించమని అడగండి. ఒప్పుకోవడం, మానడం స్కూలు ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం గదిలో వాడొక్కడే ఉండాలి.

నెట్ మీద కోపం కూడా సగమే న్యాయం. ఫోనుతో తీసిన ఒక్కో పేజీ ఫొటో సుమారు 3 ఎంబీ. 24 పేజీలంటే 72. సెకనుకి 200 కిలోబిట్ల నెట్ మీద అది వెళ్లడానికి 48 నిమిషాలు కావాలి. స్కూళ్లు సాధారణంగా ఇచ్చే పావుగంటలో 7 పేజీలు దాటవు. అవే పేజీల్ని స్కానర్ యాప్‌లో నలుపు తెలుపులో తీస్తే ఒక్కోటి 200 కేబీ, మొత్తం కలిపి 5 ఎంబీ లోపు ఒకే పీడీఎఫ్. అదే నెట్ మీద మూడున్నర నిమిషాల్లో వెళ్లిపోతుంది. కిటికీ వెలుతురులో, చేతి నీడ పడకుండా, పేజీ నంబరు పైన మూలన వేసి తీయాలి. ఇంకోటి, మీ ఊళ్లో ఫోను ఒక్కోసారి పాతపట్నం వైపు ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. అప్పుడు డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే మాటలు వినపడతాయి గానీ నెట్ ఆగిపోవచ్చు. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసి పెట్టండి. ప్లస్ టూలోనూ ఇది పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి 19 మార్కులు కావు. ‘వచ్చే ఏడు ఎలాగూ పెళ్లి చేసేస్తాం’ అన్న మాట. ఆ మాట మీరు చెబుతుంటే వేలితో ఒక్కో అక్షరం నొక్కింది ఎవరమ్మా? తన చదువు ఆగినా ఫరవాలేదని తల్లి అంటుంటే, తప్పుల్లేకుండా టైపు చేసి, చదివి వినిపించి పంపిన పిల్ల గురించి మీరు ఒక్క ప్రశ్నైనా అడగలేదు. మూడు గంటలపాటు కెమెరాకి చిక్కకుండా ఒదిగి కూర్చుని చిత్తుకాగితం మీద లెక్క చేసి చూపించింది. పదో తరగతి లెక్కలు ఇప్పటికీ అంత బాగా వచ్చిన పిల్లకి ఇంట్లో క్లాసు వినడానికి ఫోను దొరకలేదు. ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటారే, ఇదే. మీరు చెడ్డ తల్లి అని నేననను. ఇంటికి ఒక్క ఫోను ఉన్నప్పుడు అది ఎవరి చేతిలో ఉండాలో ఎవరూ కూర్చుని ఆలోచించరు, అలవాటుగా కొడుకు చేతికి పోతుంది. ఆ అలవాటు తప్పు. పెళ్లి చేసినంత మాత్రాన డిగ్రీ అక్కర్లేని పిల్ల అయిపోదు. రేపు అత్తింట్లో తన మాటకి విలువ ఉండాలన్నా, కష్టకాలంలో తన కాళ్ల మీద తను నిలబడాలన్నా ఆ పట్టా తన చేతిలో ఉండాలి.

బాబుకీ మేలు జరగలేదు. పదకొండో తరగతి లెక్కలు సెట్లు, ఫంక్షన్లు దాటగానే త్రికోణమితిలోకి దిగుతాయి. ఫిజిక్సు మొదటి నెలల్లోనే సైన్‌లు, కొసైన్‌లు వాడాలి. ఈ ఏడు సిలబస్‌లో ముప్పై శాతం దాకా కోత పడింది, ఆ ఖాళీ అందరికీ ఉంటుంది. మీ వాడికి దానిమీద ఇంకో ఖాళీ, అక్క పూడ్చి చూపించినది.

ఎంతుందో తేల్చుకోవడం కష్టం కాదు. బోర్డు అకడమిక్ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది నమూనా పేపరు, పక్కనే మార్కులు వేసే విధానం ఉంటాయి. పేపరు వరకు ప్రింటు తీయించి ఒక ఉదయం మూడు గంటలు వాడినొక్కణ్ణే కూర్చోబెట్టండి. ఫోను మీ దగ్గర పెట్టుకోండి. అయ్యాక మార్కుల విధానం ఇచ్చి వాడినే దిద్దుకోమనండి. అందులో మెట్టు మెట్టుకీ అర మార్కు, మార్కు రాసి ఉంటుంది, కాబట్టి జవాబు తప్పినా ఎక్కడిదాకా సరిగా వచ్చాడో తెలుస్తుంది. మొదలే పెట్టలేకపోయిన లెక్కలకి ఒక రంగు, మధ్యలో ఆగినవాటికి ఇంకో రంగు పెట్టమనండి. మొదటి రంగు ఎక్కువున్న అధ్యాయం పాఠం మళ్లీ చదవాలి. రెండో రంగు ఎక్కువుంటే చేతికి అలవాటు చాల్లేదని, రోజుకి పది లెక్కలు చేస్తే కుదురుతుంది. 80కి 30 వచ్చినా తిట్టకండి. ఈ ఏడాది మొత్తం మీద అది వాడి సొంత మార్కు.

ఫోను విషయం వాయిదా వేయొద్దు. పరీక్ష రద్దయ్యాక బాబుకి ఇప్పుడు క్లాసులు లేవు. కాలేజీ క్లాసు వేళల్లో ఫోను అమ్మాయిది. వాడికి సాయంత్రం ఒక గంట చాలు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారేమో, చూడండి. ప్లస్ త్రీ పూర్తయ్యే దాకా ముహూర్తం పెట్టనని మాత్రం ముందే చెప్పండి. ఒప్పుకోని సంబంధం వదులుకోండి.

ఇక ఈ ఉత్తరం టైపు చేసిన అమ్మాయితో. మీ అమ్మకి ఇది చూపించేది నువ్వేనని తెలుసు, అందుకే నీతోనే చెబుతున్నాను. ఈ సెమిస్టరులో ఏ ఏ ఇంటర్నల్స్ రాయలేదో పేపరు పేరుతో సహా ఒక కాగితం మీద రాసుకో. లాక్‌డౌన్‌లో కాలేజీ మూసి ఉంది కాబట్టి ప్రిన్సిపాల్ పేరు మీద అర్జీ రాసి ఫొటో తీసి మీ హెచ్.ఓ.డి.కి (మీ విభాగం పెద్దకి) వాట్సాప్‌లో పంపు. ఇంట్లో ఒక్క ఫోనే ఉండటం వల్ల క్లాసులకి, పరీక్షలకి రాలేకపోయానని ఉన్నదున్నట్టు రాయి, రోల్ నంబరు, సెమిస్టరు మర్చిపోకు. మళ్లీ ఇంటర్నల్ పెట్టమని అడుగు. ఇంటర్నల్ సున్నా ఉంటే ఎండ్ సెమ్‌లో ఎంత బాగా రాసినా మొత్తం మార్కులు పడిపోతాయి, బ్యాక్ పేపరు (తప్పిన పేపరు మళ్లీ రాయడం) దాకా పోవచ్చు. పరీక్ష ఫీజు కట్టి ఫారం నింపే (ఫారం ఫిలప్) తేదీ ఎప్పుడో క్లాసులో ఎవరినైనా అడిగి గోడ క్యాలెండర్ మీద గుర్తుపెట్టు, ఆ డబ్బు ఇప్పుడే అమ్మని అడుగు. తమ్ముడు లెక్క అడిగితే మామూలు రోజుల్లో ఓపిగ్గా చెప్పు. వాడు పరీక్ష రాసే మూడు గంటలు మాత్రం నీ పుస్తకాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్లు.