సునామీ వాతావరణ విపత్తు ఎందుకు కాదు?

తుపానులోనూ సునామీలోనూ సముద్రమే తీరం మీద పడుతుంది కదా, మరి రెండింటినీ ఒకే కోవలో ఎందుకు చేర్చరని అడిగారు. నీటిని చూడకండి, దాన్ని కదిలించిన శక్తి ఎక్కడిదో చూడండి. తుపానుకు బలం వెచ్చని సముద్రం నుంచి లేచే తేమది. దాని పెనుగాలులే నీటిని తీరం వైపు తోసి ఉప్పెన తెస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి సునామీకి మూలం సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం. ఆకాశంలో దాని జాడ ఏమీ కనిపించదు.

ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. తుపాను దారిని ఉపగ్రహాలతో రోజుల ముందే పసిగట్టి జనాన్ని తరలించవచ్చు. భూకంపం ఫలానా రోజున వస్తుందని చెప్పే విధానం ఇంతవరకు లేదు. నేల కంపించాక సునామీ తీరం చేరడానికి కొన్నిచోట్ల నిమిషాలే పడుతుంది. అందుకే తీరంలో ఉండగా నేల చాలాసేపు గట్టిగా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా, హెచ్చరిక కోసం ఆగకుండా మెరకకు పరుగెత్తండి. దయచేసి ఇంట్లో పిల్లలకూ ఇది చెప్పండి.

కరవు, వడగాలులు కూడా వాతావరణ విపత్తులే. చప్పుడు లేకుండా వస్తాయని వాటిని చాలామంది లెక్కలో వేయరు, అది అన్యాయం. కొండచరియల సంగతి వేరు: కుండపోత వానకు జారితే వాతావరణ విపత్తు, భూకంపానికి విరిగిపడితే కాదు.