అక్క ఆపరేషన్‌కి ముందు ఏం రెడీ చేసుకోవాలి?

ప్రశ్న: మేడమ్, వచ్చే వారం మా అక్కకి బ్రెస్ట్ కాన్సర్ ఆపరేషన్, రొమ్ము మొత్తం తీసేస్తారంట. నేనే దగ్గరుండి చూసుకోవాలి, ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

జవాబు: ముందు గుండీలు ముందుకుండే వదులు నైటీలు నాలుగు కొనిపెట్టమ్మా, కొన్నాళ్లు చెయ్యి పైకెత్తి తలమీంచి బట్టలేసుకోవడం చాలా కష్టం. రోజూ వాడే సామాన్లు పై అరల్లోంచి కిందకి దించెయ్. ఇంటికొచ్చేటప్పుడు మామూలుగా డ్రెయిన్ ఉంటుంది, అంటే గాయంలో ఊరే నీరు బయటికి లాగే సన్నటి ట్యూబు, దాని చివర నొక్కి మూతపెట్టే బల్బు ఆకారపు మెత్తటి డబ్బా, అందులో చేరే నీరు మొదట ఎర్రగా ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ పలచబడి లేత పసుపులోకి వస్తుంది, చూసి కంగారు పడొద్దు, ప్రతిసారీ కొలిచి టైమేసి రాసిపెట్టు, చాలా చోట్ల 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపుకి తగ్గాకే తీస్తారు. చేతి ఎక్సర్‌సైజులు ఎప్పట్నుంచో సర్జన్‌నే అడగండి, భయపడి అసలు కదపకపోతే భుజం బిగుసుకుపోద్ది. జ్వరమొచ్చినా గాయం చుట్టూ ఎర్రగా వాచినా వెంటనే ఫోన్ చెయ్యాలి, తెల్లారనీలే అనుకోవద్దు.

ఇంకోటి తల్లీ, గాయాన్ని అద్దంలో ఎప్పుడు చూసుకోవాలో అక్కనే తేల్చుకోనివ్వు, తొందరపెట్టకు, పిలిస్తే మాత్రం పక్కనే ఉండు.