పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్లకు ఫాస్టింగ్ షుగర్ ఒక్కటీ చూస్తే సరిపోతుందా?

సరిపోదు. పీసీఓఎస్‌లో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అది అండాశయాల్లో మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్‌ను పెంచుతుంది. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం చాలావరకు అందువల్లే. క్లోమం ఇలా కొన్నేళ్లు నెట్టుకొస్తుంది కాబట్టి పరగడుపున షుగర్ నార్మల్‌గానే కనిపించవచ్చు. అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటల తర్వాత చూసే పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. అందులో 140 నుంచి 199 వస్తే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ.

మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకుని ఆడపిల్లలకు సున్నిపిండితో గట్టిగా రుద్దుతుంటారు. దయచేసి అలా చేయకండి. చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. సన్నగా ఉన్నవాళ్లకూ ఈ సమస్య రావచ్చు. భోజనం కాగానే పావుగంట నడిచినా షుగర్ ఒక్కసారిగా పెరగడం తగ్గుతుంది.