పాఠకుల ప్రశ్నలు: ఒకే పిడిలో నాలుగు పనిముట్లు

ప్రశ్న: నేను ఎలక్ట్రీషియనును. ఆటోనగర్‌లో ఒక కమ్మరి చేత లారీ కమాను పట్టీ ముక్కతో మడత చాకు చేయించుకున్నాను. అందులో చాకుతో పాటు స్క్రూడ్రైవరు, చిల్లు పెట్టే ఆరె, సీసా మూత తీసే కొక్కెం ఉన్నాయి. చాకు పదును బాగా నిలుస్తోంది గాని, నెల తిరగకుండానే స్క్రూడ్రైవరు కొన విరిగిపోయింది. ఉక్కు మంచిది కాదా, పనితనంలో లోపమా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పదును నిలుస్తోందని మీరే రాశారు కనుక ఉక్కును తప్పు పట్టనక్కర లేదు. కమాను పట్టీల ఉక్కు చాకులకు పనికొచ్చేదే. అరిసెలకూ బూందీ లడ్డూకూ ఒకే పాకం పట్టినట్టు, చాకుకూ స్క్రూడ్రైవరుకూ ఒకే కాపు ఇచ్చి ఉంటారని నా అనుమానం.

ఎర్రగా కాల్చిన ఉక్కును నూనెలో ముంచగానే అది గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసూ అవుతుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి దానిని మళ్ళీ నెమ్మదిగా కాచాలి. మెరుగు పెట్టిన ఉక్కు మీద అప్పుడు రంగులు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి: సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండుగడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. గడ్డి రంగులో ఆపితే అంచు గట్టిగా ఉండి పదును నిలుస్తుంది. నీలం దాకా పోనిస్తే కాస్త మెత్తబడి, మెలిపెట్టినా విరగని గుణం వస్తుంది. అలుగుకు, అంటే చాకులో కోసే పట్టీకి, మొదటిది కావాలి, స్క్రూడ్రైవరుకూ వెనకనుండే స్ప్రింగు పట్టీకీ రెండవది కావాలి. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన అధికారుల చాకు నుంచి ఎదిగిన విక్టోరినాక్స్ సంస్థ కూడా ఈ తేడా పాటిస్తుంది: ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ ‘సి’ కొలతలో అలుగు 56 ఉంటే, స్క్రూడ్రైవరు 52, స్ప్రింగు 49 మాత్రమే.

రివెట్లు తీయించి, విరిగిన కొనను చదును చేయించి, మెరుగు పెట్టి, నీలం రంగు వచ్చేదాకా కాచి, గాలికే చల్లారనివ్వమనండి. విడదీసే ఓపిక లేక పిడిలో ఉండగానే గ్యాసు మంట చూపించే వారున్నారు. ఆ వేడి పక్కనున్న అలుగుకు పాకితే ఉన్న పదునూ పోతుంది. మీరు అడగకపోయినా ఇంకొక మాట: పిడి చెక్కదే అయినా రివెట్టు తల మీ అరచేతికి తగులుతూనే ఉంటుంది, కనుక కరెంటు ఉన్న తీగ దగ్గరికి ఈ చాకును తీసుకుపోకండి.

ప్రశ్న: మిర్చి యార్డులో గుమాస్తాను. పురికొస కోయడానికి, గోనెసంచికి చిల్లు పెట్టడానికి పనికివచ్చే చాకు చేతితో చేసినదే కొనాలనుకుంటున్నాను. ఏమి చూసుకోవాలి? మామిడికాయ కోస్తే చాకు నల్లబడుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు కీలు చూడండి, అలుగు సంగతి తరువాత. చాకు తెరిచి, పిడిని ఎడమచేత బిగించి పట్టుకుని, అలుగు వీపును రెండు వేళ్ళతో పట్టి పక్కలకు ఊపండి. కదిలితే అక్కడే తిరిగి ఇచ్చేయండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ‘టక్కు’మని స్పష్టంగా వినిపించాలి. వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు స్ప్రింగుకూ పక్కనున్న ఇత్తడి రేకుకూ మధ్య సందు కనిపించకూడదు, ఎందుకంటే మీ యార్డులో ఎగిరే కారపు దుమ్మూ గోనె పీచూ చేరేది ఆ సందులోకే.

మీ పనికి అసలు ప్రమాదం ఆరెతో ఉంది. స్ప్రింగు ఒత్తిడి మీద మాత్రమే నిలబడే ఆరెను గట్టి సంచిలోకి పొడిచినప్పుడు అది వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడవచ్చు. ఫ్రాన్సులో ఒపినెల్ చాకులకు 1955 నుంచి కీలు దగ్గర తిప్పే ఉక్కు ఉంగరం ఒకటి వస్తోంది. తెరిచాక దానిని తిప్పితే అలుగు మడుచుకోదు. అలాంటి ఏర్పాటు ఏదైనా పెట్టగలరా అని పనివాడిని అడగండి. కాదంటే సంచి పనికి దబ్బనమే వాడండి.

మామిడికాయ, నిమ్మకాయ పులుపుకు మామూలు ఉక్కు నల్లబడే మాట నిజమే. అది హాని చేయదు. హాని చేసేది ఎర్రటి తుప్పు. కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఆరబెడితే చాలు. కీలులో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయండి, కొబ్బరినూనె వద్దు, అది కొన్నాళ్ళకు జిగురుకడుతుంది. సైకిలు మీద సాన తిప్పుతూ వీధిలోకి వచ్చే మనిషికి కూడా ఈ చాకు ఇవ్వకండి. నిప్పురవ్వలు చూడడానికి బాగానే ఉంటాయి గాని, పలుచని అంచు అక్కడ నీలమెక్కిందంటే ఆ మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే. తడిపిన సానరాయి మీద నెమ్మదిగా మీరే నూరుకోండి.

ప్రశ్న: ఇలాంటి చాకు జేబులో ఉంటే పోలీసులు పట్టుకుంటారా? విమానంలో తీసుకుపోవచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఆయుధ చట్టం కింది నిబంధనలు ఆయుధాలుగా లెక్కించే కత్తులు అలుగు 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్నవి, ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి అందులోనూ మినహాయింపు ఉంది. మూడంగుళాల చాకు ఆ లెక్కలోకి రాదు. అయితే సభలకూ కోర్టులకూ వెళ్ళేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్ళడం మంచిది. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు దానిని చేతిసంచిలో ఉంచకుండా, కౌంటరు దగ్గర అప్పగించే పెట్టెలోనే సర్దండి.