చిప్‌తో శుక్రకణాలను వేరు చేస్తే ఐవీఎఫ్ ఫలిస్తుందా?

ప్రశ్న: నా వయసు 37. మా ఆవిడకు 32. పిల్లల కోసం రెండుసార్లు ఇక్సీ (ఒక శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఐవీఎఫ్ పద్ధతి) చేయించుకున్నాం. రెండుసార్లూ మూడో రోజు దాకా పిండాలు బాగున్నాయన్నారు. తర్వాత ఎదుగుదల ఆగిపోయింది. నా శుక్రకణాలు మిల్లీలీటరుకు 2.2 కోట్లు, కదలిక 45 శాతం ఉన్నాయి. డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ మాత్రం 38 శాతం వచ్చింది. ఈసారి సెంట్రిఫ్యూజ్ (నమూనాను వేగంగా తిప్పే యంత్రం) వాడకుండా మైక్రోఫ్లూయిడిక్ చిప్‌తో కణాలను వేరు చేద్దామంటున్నారు. దానివల్ల కణాలు దెబ్బతినవా? నిజంగా ఉపయోగం ఉంటుందా? నాకు రోజుకు ఐదారు సిగరెట్లు తాగే అలవాటుంది. - ఓ పాఠకుడు

సలహా: సంఖ్య, కదలిక విషయంలో మీరు కంగారు పడాల్సిందేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు కనీసం 1.6 కోట్ల కణాలు, 42 శాతం కదలిక ఉండాలి. మీకు రెండూ అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. చూడాల్సింది ఆ 38 శాతాన్ని. వంద శుక్రకణాలు తీసుకుంటే వాటిలో సుమారు 38 కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగి ఉన్నాయని దానర్థం. పరీక్ష పద్ధతిని బట్టి హద్దు కొంత మారుతుంది గానీ, 30 దాటితే ఎక్కువనే అనుకుంటాం.

పిండాలు మూడో రోజు తర్వాత ఆగిపోవడం కూడా గమనించాల్సిన విషయమే. మొదటి రెండు మూడు రోజులు పిండం ప్రధానంగా అండంలో నిల్వ ఉన్న సరుకుతోనే పెరుగుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశకు వచ్చేసరికి దాని సొంత జన్యువులు పని మొదలుపెడతాయి. తండ్రి డీఎన్‌ఏలో లోపముంటే ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. అలాగని నెపమంతా మీ మీదే వేసుకోకండి. పిండం ఆగిపోవడానికి అండం నాణ్యత కూడా అంతే పెద్ద కారణం. మీ భార్య వయసు 32 కాబట్టి ఆ వైపు కొంత ధైర్యంగా ఉండొచ్చు.

ఇక చిప్ సంగతి. మామూలు పద్ధతిలో వీర్యాన్ని చిక్కదనం వేర్వేరుగా ఉన్న ద్రవాల పొరల మీద పోసి, భూమ్యాకర్షణకు 300 నుంచి 400 రెట్ల బలంతో పావుగంట నుంచి అరగంట సేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. బాగున్న కణాలు అడుగుకు చేరతాయి. వాటిని కడిగి మరోసారి తిప్పుతారు. వేగంగా తిప్పడమే పెద్ద హాని అని చాలామంది అనుకుంటారు. అడుగున కణాలన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని ముద్దగా చేరడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. శుభ్రం చేయని వీర్యాన్ని నేరుగా తిప్పితే ఆ ముద్దలో చచ్చిన కణాలు, తెల్ల రక్తకణాలు కూడా చేరిపోతాయి. వాటి నుంచి డీఎన్‌ఏను దెబ్బతీసే ఆక్సిజన్ ఫ్రీ రాడికల్స్ వెలువడతాయి. శుక్రకణం తల నిండా డీఎన్‌ఏనే. తనను తాను కాపాడుకోవడానికి కావాల్సిన కణద్రవ్యం దానిలో దాదాపుగా ఉండదు, తెగిన పోగును అతుక్కునే శక్తీ లేదు. పొరల పద్ధతిలో ఈ చెత్త చాలావరకు పైనే ఆగిపోతుంది. ఈ పద్ధతితో ఎందరో ఆరోగ్యంగా పుట్టారు, కాబట్టి ఇదేదో ప్రమాదమని అనుకోవద్దు. డీఎన్‌ఏ ఇప్పటికే బలహీనంగా ఉన్నవారి విషయంలోనే ఆలోచించాలి.

చిప్‌లో తిప్పడమనేదే లేదు. ఎక్కువగా వాడే రకంలో ఒక మిల్లీలీటరు కన్నా కాస్త తక్కువ వీర్యాన్ని కింది గదిలోకి ఎక్కిస్తారు. దాని పైన సన్నని పొర, ఆ పొరకు సుమారు 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలు, ఆ పైన శుభ్రమైన ద్రవం ఉంటాయి. శుక్రకణం తల వెడల్పు దాదాపు 3 మైక్రాన్లు కాబట్టి సులువుగా దూరుతుంది. చిప్‌ను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో అరగంట ఉంచుతారు. చురుకైన కణాలు తమంతట తామే ఈదుకుంటూ పైకి చేరతాయి. ఈదలేనివి, చచ్చినవి, తెల్ల రక్తకణాలు చాలావరకు కిందే ఉండిపోతాయి. పైకి వచ్చిన చుక్కను మైక్రోస్కోప్ కింద చూస్తే తేడా కళ్లకు కడుతుంది. చెత్తా చెదారం లేని తేట ద్రవంలో దాదాపు అన్నీ ముందుకు దూసుకుపోయే కణాలే ఉంటాయి. మరో రకం చిప్‌ల్లో సన్నని కాలువలో రెండు ద్రవాలు కలిసిపోకుండా పక్కపక్కనే ప్రవహిస్తాయి. అంత ఇరుకు దారిలో నీరు సుడి తిరగదు. చురుకైన కణాలు ఒక పాయలోంచి పక్క పాయలోకి ఈది బయటపడతాయి. మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లోనే దీన్ని చేసి చూపించారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: చిప్ వల్ల కణాలు దెబ్బతినవు. ఒకే నమూనాను రెండు భాగాలు చేసి రెండు పద్ధతుల్లోనూ పెట్టి చూసిన పరిశోధనల్లో, చిప్ నుంచి వచ్చిన కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగడం చాలా తక్కువగా కనిపించింది. రెండో ప్రశ్నకు అంత ధీమాగా బదులివ్వలేను. ఇక్సీ చేయించుకునే జంటలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి చేసిన అధ్యయనాల్లో, చిప్ వాడినంత మాత్రాన పిండాల నాణ్యత మెరుగుపడలేదని తేలింది. అవి అన్ని రకాల జంటలతో చేసినవి. మీలా ఫ్రాగ్మెంటేషన్ ఎక్కువగా ఉండి, పిండాలు ఆగిపోతున్నవారికి ప్రయత్నించడంలో అర్థముందని నా అభిప్రాయం. ‘చిప్ పెడితే ఖాయం’ అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. చిప్ ఉన్నవాటిలో మంచివి ఏరుతుంది, అంతే. తెగిన డీఎన్‌ఏను అతికించలేదు, క్రోమోజోముల తేడాలను పట్టలేదు. కణం ఎక్స్ అయినా వై అయినా దానికి ఒకటే.

చిప్ కన్నా ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. సిగరెట్ ఈరోజే మానేయండి. పొగ వల్ల డీఎన్‌ఏ పోగులు తెగడం పెరుగుతుంది. కొత్త శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అది బయటికి వచ్చే దారిలో ఇంకొన్ని రోజులు. అందుకే మానేసిన మూడు నెలలకు ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష మళ్లీ చేయించండి. ఈలోగా ఆండ్రాలజిస్టును (పురుషుల సంతాన సమస్యలు చూసే డాక్టరును) కలిసి వేరికోసీల్ ఉందేమో చూపించుకోండి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే ఈ సమస్య బయటికి కనిపించేంతగా ఉంటే, ఆపరేషన్‌తో చాలామందిలో ఫ్రాగ్మెంటేషన్ తగ్గుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉందేమో కూడా చూస్తారు. పరీక్షకు ముందు రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, దానివల్ల కూడా అంకె పెరగొచ్చు. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు చెబితే దగ్గరికి రానీయకండి, అవి శుక్రకణాల తయారీని ఆపేస్తాయి. ఇక జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రల విషయానికొస్తే, రెండు వేలకు పైగా జంటలతో చేసి 2020లో వెలువరించిన అధ్యయనంలో వాటివల్ల కాన్పుల సంఖ్య పెరగలేదు, పైగా ఫ్రాగ్మెంటేషన్ కాస్త ఎక్కువైంది. సొంతంగా మొదలుపెట్టొద్దు.

మూడు నెలల తర్వాత కూడా 30 దాటి ఉంటే చిప్‌కు ఒప్పుకోండి. అండాలు తీసే రోజుకు ముందే ఒక నమూనాతో ట్రయల్ చేయమని అడగండి. పైకి చేరే కణాలు మొత్తంలో కొద్ది భాగమే కాబట్టి, మీ నమూనాలో ఎన్ని వస్తున్నాయో ముందే తెలియాలి. ఇక్సీలో ఒక్కో అండానికి ఒక్క కణం చాలు కనుక మీ సంఖ్యతో ఇబ్బంది ఉండకపోవచ్చు. నమూనా ఇవ్వడానికి ముందు వీర్యస్ఖలనం లేకుండా ఎన్ని రోజుల ఎడం ఉండాలో కూడా కనుక్కోండి. ఫ్రాగ్మెంటేషన్ ఎక్కువున్నవారికి వారం రోజుల ఎడం కన్నా ఒకటి రెండు రోజులే మేలు. ఇవన్నీ చేశాక కూడా పిండాలు ఆగిపోతుంటే, వృషణం నుంచే నేరుగా కణాలు తీసి ఇక్సీ చేసే మార్గం ఉంది. ఆ కణాల్లో సాధారణంగా డీఎన్‌ఏ తెగి ఉండటం తక్కువ. అది చిన్నదైనా ఆపరేషనే కాబట్టి, దాన్ని చివరికి ఉంచుకోమనే చెబుతాను.