మన సొలిసిటర్ బ్యాంకు ప్యానెల్‌లో లేకపోతే? ఇంగ్లండులో ఇల్లు కొనేవారి సందేహం

ప్రశ్న: రెడింగ్‌లో 3,65,000 పౌండ్లకు ఒక లీజ్‌హోల్డ్ (నిర్ణీత ఏళ్ల లీజు హక్కుతో కొనే) ఫ్లాట్ బేరం కుదిరింది. ఆరంతస్తుల భవనం. లోను ఇస్తామని బ్యాంకు సూత్రప్రాయంగా చెప్పింది. మాకు తెలిసిన తెలుగు సొలిసిటర్‌కు పని అప్పగిద్దామనుకుంటే, ఆయన తమ ప్యానెల్‌లో లేరని బ్యాంకు అంటోంది. ఎస్టేట్ ఏజెంటు తాము చెప్పిన సొలిసిటర్‌నే పెట్టుకోమని వెంటపడుతున్నారు. విజయవాడ నుంచి మా నాన్నగారు 25 లక్షల రూపాయలు ఇస్తానన్నారు. నా భార్య పేరున హైదరాబాదులో ఒక ఫ్లాట్ ఉంది. ఇద్దరి పేర్ల మీదా కొంటున్నాం. లాయరును ఎంచుకునే హక్కు మాది కాదా? ఏం చేయమంటారు?

జవాబు: మీ లాయరును ఎంచుకునే హక్కు మీదే. అయితే బ్యాంకుకూ తన తరఫున ఎవరు పని చేయాలో తేల్చుకునే హక్కు ఉంది. చిక్కంతా ఇక్కడే.

మన ఊళ్లో హోమ్ లోనుకు వెళితే బ్యాంకు తన ప్యానెల్ అడ్వొకేటుకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ పంపి లీగల్ ఒపీనియన్ తెప్పించుకుంటుంది. ఫీజు మనమే కట్టినా ఆయన బ్యాంకు మనిషి. ఇంగ్లండు, వేల్స్‌లో పద్ధతి వేరు. మామూలు ఇళ్ల కొనుగోళ్లలో ఒకే సొలిసిటర్ కొనేవారికీ, లోనిచ్చే బ్యాంకుకూ కలిపి పని చేస్తారు. ఇంటి హక్కులు సవ్యంగా ఉన్నాయని బ్యాంకుకు సర్టిఫికెట్ ఆఫ్ టైటిల్ ఇచ్చేది ఆయనే. లోను సొమ్ము మొత్తం వచ్చి పడేదీ ఆయన క్లయింట్ ఖాతాలోనే. అందుకే ఎవరిని నమ్మాలో బ్యాంకు ముందుగా ఒక జాబితా రాసిపెట్టుకుంటుంది. దాన్నే ప్యానెల్ అంటారు. (స్కాట్లాండులో కొనుగోలు చట్టమే వేరు. ఈ జవాబు అక్కడికి వర్తించదు.)

ప్యానెల్‌లో లేరంటే ఆయన పనితనంలో లోపం ఉందని అర్థం కాదు. ఒక్కరే నడిపే ఆఫీసులను కొన్ని బ్యాంకులు తీసుకోవు, కనీసం ఇద్దరు భాగస్వాములు ఉండాలంటాయి. సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ, ఇళ్ల కొనుగోలు పనిలో నాణ్యతకు ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉండాలని చాలా బ్యాంకుల షరతు. ఏడాదిలో తమ కేసులు మరీ తక్కువ చేసినవారిని తీసేసే బ్యాంకులూ ఉన్నాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు మూడు. మొదటిది, ప్యానెల్‌లో ఉన్న సొలిసిటర్‌కు మారడం. రెండోది, మీ సొలిసిటర్‌ను మీకు ఉంచుకుని, బ్యాంకు తన తరఫున వేరే సొలిసిటర్‌ను పెట్టుకోవడం. దీనికి బ్యాంకు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా ఆ రెండో సొలిసిటర్ ఫీజు మీ మీదే పడుతుంది. మీ లాయరు చదివిన ప్రతి కాగితాన్నీ ఆయన మళ్లీ చదివి తన ప్రశ్నలు తాను వేస్తారు. వారాలు గడిచిపోతాయి, అమ్మేవారి ఓపిక నశిస్తుంది. మూడోది, మీ సొలిసిటర్ ప్యానెల్‌లో ఉన్న మరో బ్యాంకులో లోను తీసుకోవడం. అంటే కొత్త దరఖాస్తు, మళ్లీ క్రెడిట్ చెక్, మళ్లీ వాల్యుయేషన్. మీరింకా ఎవరికీ పని అప్పగించలేదు, డబ్బూ కట్టలేదు కాబట్టి మొదటి దారే మేలని నా గట్టి అభిప్రాయం. ప్యానెల్‌లో చేరడానికి దరఖాస్తు పెడతానని మీ సొలిసిటర్ చెప్పినా దాని కోసం ఆగకండి. అది ఎప్పుడు తేలుతుందో ఆయన చేతిలో ఉండదు.

కొత్తవారిని అడిగేటప్పుడు ‘మీరు ప్యానెల్‌లో ఉన్నారా’ అని ఫోనులో అడిగితే చాలదు. అనుమతి సంస్థకు ఇస్తారు, కొన్నిసార్లు ఫలానా బ్రాంచికే ఇస్తారు. వెబ్‌సైట్లో ‘ప్రధాన బ్యాంకులన్నిటి ప్యానెల్‌లో ఉన్నాం’ అని రాసుకున్నది ఎప్పటి మాటో తెలియదు. మీ లోను కాగితం మీద ఉన్న బ్యాంకు పేరు యథాతథంగా రాసి, ‘ఈ రోజుకు మీ ఈ ఆఫీసు వీరి ప్యానెల్‌లో ఉందా?’ అని ఈమెయిల్ పెట్టి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. పేరు యథాతథంగా అనడానికి కారణం ఉంది. హాలిఫాక్స్ పేరుతో వచ్చే లోను నిజానికి బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ ఇచ్చేది. అటు బ్యాంకునో బ్రోకరునో కూడా అదే ప్రశ్న అడగండి. మధ్యలో వడ్డీ తగ్గిందని బ్రోకరు బ్యాంకు మార్పిస్తే ఈ తనిఖీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. చాలామంది ఇరుక్కునేది అక్కడే. ఆ సంస్థ సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ రిజిస్టరులో గాని, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఇళ్ల కొనుగోలు, అమ్మకాల పనికి లైసెన్సున్నవారు) అయితే కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ జాబితాలో గాని ఉందో లేదో మీరే చూసుకోవచ్చు.

ప్యానెల్‌లో ఉండటం మంచి లాయరు అనడానికి గుర్తు కాదు, బ్యాంకుకు పనికొస్తారనే అర్థం. బ్యాంకుల సంఘమైన యూకే ఫైనాన్స్ వారి మార్ట్‌గేజ్ లెండర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం బ్యాంకు కోసం ఏం చూడాలో, బ్యాంకుకు ఏం తెలపాలో అది చేస్తారు. మొదటి భాగం అందరికీ ఒకటే, రెండో భాగంలో ఒక్కో బ్యాంకు షరతులు ఒక్కో రకం. ఇంటర్నెట్లో ఎవరైనా చదువుకోవచ్చు. మీ లీజులో ఎన్నేళ్లు మిగిలి ఉండాలి, గ్రౌండ్ రెంట్ (భూమి యజమానికి కట్టే అద్దె) ఎంత వరకు సమ్మతం అన్నవి ఆ రెండో భాగంలో దొరుకుతాయి. మీ బ్యాంకు పేజీ ఈ రాత్రే తెరిచి చూడండి.

మీది ఆరంతస్తుల భవనం కనుక ఇంకొక ప్రశ్న తప్పనిసరి. కనీసం 11 మీటర్ల ఎత్తు లేదా కనీసం 5 అంతస్తులు ఉన్న భవనాలకు 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టంలో లీజ్‌హోల్డర్లకు ఇచ్చిన రక్షణలు వర్తిస్తాయి. గోడల క్లాడింగ్ (బయటి తొడుగు) వంటి భద్రతా లోపాలు సరిచేసే ఖర్చు ఫ్లాటు యజమాని మీద ఎంత పడుతుందన్నది, 2022 ఫిబ్రవరి 14 నాటికి ఆ ఫ్లాటు ఎవరిది, వారు అందులో ఉన్నారా, వారికి ఇంకెన్ని ఇళ్లు ఉన్నాయి అన్న వాటిని బట్టి ఉంటుంది. దానికి ఫ్లాటు యజమాని ఇచ్చే లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్, భవన యజమాని ఇచ్చే ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్ కావాలి. ఈ పని ఒప్పుకోని సంస్థలు ప్యానెల్‌లోనూ ఉన్నాయి. సెర్చులకు (ఇంటి గురించి రికార్డుల తనిఖీలకు) డబ్బు కట్టాక ‘మేము ఈ భవనాలు చేయం’ అని చెప్పించుకోవడం కన్నా మొదటి ఈమెయిల్లోనే అంతస్తుల సంఖ్య రాయడం నయం. ఫీజు కొటేషనులో లీజ్‌హోల్డ్ అదనం, లోను పని అదనం, గిఫ్ట్ తనిఖీ అదనం, 20 శాతం వ్యాట్ కలిశాయా అని కూడా అడగండి. ఫైలు ఎవరి చేతిలో ఉంటుందో, ఆ మనిషి పేరేమిటో తెలుసుకోండి.

ఎస్టేట్ ఏజెంటు చెప్పిన సొలిసిటర్‌ను తీసుకోవాలన్న నిర్బంధం ఏమీ లేదు. చాలా సందర్భాల్లో అలా పంపినందుకు ఏజెంటుకు రెఫరల్ ఫీజు ముడుతుంది. అది ఎంతో మీకు చెప్పాలి, అడగండి. ‘మావాళ్లనే పెట్టుకుంటేనే మీ ఆఫరు అమ్మేవారికి చేరుస్తాం’ అంటే అది తప్పు, లిఖితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మీ నాన్నగారి డబ్బు. ఒకే సొలిసిటర్ ఇద్దరికీ పని చేస్తున్నారని చెప్పాను కదా, దాని ఫలితం ఇక్కడ కనిపిస్తుంది. ఇంటి ధరలో మీరు కట్టే వాటా మీ సొంత డబ్బు కాకపోతే ఆయన ఆ సంగతి బ్యాంకుకు తెలపాలి. ధర తగ్గినా, అమ్మేవారు క్యాష్‌బ్యాక్ ఇచ్చినా అంతే. మీరు చెప్పవద్దంటే ఆయన కేసు వదులుకోవాల్సి వస్తుంది, అదీ ఎక్స్చేంజ్ (కాంట్రాక్టులు మార్చుకుని బేరం ఖాయమయ్యే ఘట్టం) ముంగిట. కాబట్టి లోను దరఖాస్తులోనే గిఫ్ట్ అని రాయించండి. అది తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బు అనీ, ఇంటి మీద తనకు హక్కు ఉండదనీ నాన్నగారు సంతకం చేసిన లేఖ, ఆయన పాస్‌పోర్టు లేదా గుర్తింపు పత్రం, కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. పొలం అమ్మిన డబ్బయితే ఆ సేల్ డీడ్ కూడా. మన దస్తావేజులు తెలుగులో ఉంటాయి కనుక ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం ముందే చేయించి పెట్టుకోండి.

డబ్బు నాన్నగారి ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకు రావాలి. మధ్యలో మేనమామ, స్నేహితుల ఖాతాలు దూరితే ఒక్కొక్కరి స్టేట్‌మెంట్లూ అడుగుతారు. అది ఎప్పటికీ తెమలదు. రిజర్వ్ బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. 25 లక్షలకు 3 లక్షలు. ఆయన రిటర్ను దాఖలు చేసినప్పుడు ఆ సొమ్ము పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే తిరిగొస్తుంది. కాని పంపే రోజున ఆ 3 లక్షలు అదనంగా చేతిలో ఉండాలి.

మీరు అడగకపోయినా నన్ను అన్నిటికన్నా కలవరపెడుతున్నది హైదరాబాదు ఫ్లాటు. ఇక్కడి స్టాంప్ డ్యూటీకి ‘మొదటిసారి కొనేవారు’ అంటే ప్రపంచంలో ఎక్కడా ఎన్నడూ ఇల్లు లేనివారు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ ఆ అర్హత ఉండాలి. మొదటిసారి కొనేవారికి ఇచ్చే రాయితీ మీకు ఉండి ఉంటే 3,250 పౌండ్లతో పోయేది. రాయితీ లేని మామూలు రేటయితే 8,250. హైదరాబాదు ఫ్లాటులో మీ భార్య వాటా విలువ 40,000 పౌండ్లో అంతకన్నా ఎక్కువో అయితే, ఇంకో ఇల్లు ఉన్నవారి మీద 2024 అక్టోబరు 31 నుంచి అమలవుతున్న 5 శాతం అదనం కలిసి మొత్తం 26,500 పౌండ్లు అవుతుంది. ఆమె పేరు తీసేసి మీ ఒక్కరి పేరున కొన్నా తప్పించుకోలేరు, కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ అదనం విషయంలో ఒక్కరిగానే లెక్కిస్తారు. ఖాళీ ప్లాటు, పొలం ఈ లెక్కలోకి రావు, ఇల్లు మాత్రమే వస్తుంది. సొలిసిటర్ ఫారంలో ‘ఇతర ఇళ్లు ఉన్నాయా’ అన్న గడి దగ్గర ఇండియాలోది ఎందుకులే అని వదిలేస్తే, తరువాత పన్ను శాఖ వడ్డీతో, పెనాల్టీతో కలిపి అడుగుతుంది. స్టాంప్ డ్యూటీ రిటర్ను, పన్ను కంప్లీషన్ (కొనుగోలు పూర్తయి ఇల్లు చేతికొచ్చే రోజు) అయిన 14 రోజుల్లో చేరాలి.

అందుచేత ఈ వారం ముందు హైదరాబాదు ఫ్లాటుకు విలువ కట్టించి, 26,500 మీ బడ్జెట్‌లో పడుతుందో లేదో చూడండి. పడితే ప్యానెల్‌లోని రెండు మూడు సంస్థలకు బ్యాంకు పేరు, లీజ్‌హోల్డ్, ఆరంతస్తులు, ఇండియా నుంచి గిఫ్ట్, హైదరాబాదు ఇల్లు అన్నీ ఒకే ఈమెయిల్లో రాసి కొటేషన్ అడగండి. పని ఒప్పుకున్న సంస్థ ఇచ్చిన బ్యాంకు ఖాతా వివరాలను మొదటి రోజే ఫోను చేసి సరిచూసి రాసిపెట్టుకోండి. ‘మా ఖాతా మారింది’ అని తరువాత ఈమెయిల్ వస్తే, అందులో ఇచ్చిన నంబరుకు కాకుండా మొదటి రోజు మీరు రాసుకున్న నంబరుకే ఫోను చేయండి. ఆ జవాబు వచ్చేవరకు ఒక్క పౌండూ పంపకండి.